సులువు దారిలో వెనకబడే మనిషి

ఆ ఇంట్లో ఆవిడ పేరు బ్రేకు. అసలు పేరు వేరే ఉంది. కళ్ళద్దాల షాపు జీతాల పట్టీలో అది క్షేమంగానే ఉంది. కానీ ఆదివారం పూట సైకిళ్ళు బయటికి తీశాక ఆ పేరుతో ఎవరికీ పని ఉండేది కాదు. "ఆగు నాన్నా, అమ్మ బ్రేకేసింది!" అని పన్నెండేళ్ళ కూతురు కేకేసేది. "బ్రేకు, బ్రేకు!" అని ఆవిడ వెనక సీట్లో కూర్చున్న నాలుగేళ్ళ కొడుకు తాళం వేసేవాడు. తనని మోస్తున్నదెవరో వాడికి తెలియక కాదు. పల్లకీలో కూర్చున్నవాళ్ళు బోయీల నడకకి వంకలు పెట్టడం లోకంలో కొత్తేమీ కాదు కదా.

వాళ్ళాయనకీ ఒక పేరుంది, సులువుగారు. అది ఆఫీసువాళ్ళు పెట్టింది. ఊరు సముద్రం ఒడ్డున ఉండటం వల్ల అక్కడొక పర్యాటక శాఖ ఉంది, శాఖ ఉండటం వల్ల అందులో ఆయన ఉన్నాడు. కుటుంబాలు పిల్లాజెల్లాతో హాయిగా సైకిలు తొక్కదగ్గ దారులు వెతికి, ఏ దారి ఎంత కష్టమో తేల్చడం ఆయన పని. బల్ల మీద మూడు రబ్బరు ముద్రలుండేవి. 'సులువు' అరిగి అరిగి అంచులు పోయాయి. 'ఫరవాలేదు' మీద కాస్త ఇంకు మరక ఉంది. 'కష్టం' మాత్రం కొన్ననాటి నుంచి ఇంకు మొహం చూడలేదు. దాని రబ్బరు పసిపిల్లల అరికాలంత మెత్తగా, శుభ్రంగా ఉండిపోయింది.

"కష్టం అని రాస్తే ఎవడొస్తాడు?" అనేవాడాయన. ఆఫీసులో సిద్ధాంతంగా మొదలైన ఈ మాట ఇంటికొచ్చేసరికి స్వభావమైంది. ఇల్లు మారడం సులువు, సామాను ఆవిడ సర్దింది కాబట్టి. రెండు కాన్పులూ సులువే. డాక్టరమ్మ "అంతా మామూలుగానే జరిగింది" అన్న మాటని ఆయన తన శాఖాభాషలోకి మార్చి చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. మంచం మీద ఉన్నావిడకి కాస్త భిన్నాభిప్రాయం ఉండేది గానీ అప్పుడామెని ఎవరూ అడగలేదు.

చెడ్డవాడా అంటే కాదు, చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డ మొగుడితో పోట్లాడితే పక్కింటివాళ్ళైనా సానుభూతి చూపిస్తారు. నీళ్ళ సీసా మూత తీసి అందించే మొగుడితో పోట్లాడితే "నీకేం తక్కువమ్మా?" అంటారు.

ప్రతి ఆదివారం సవారీ, రైల్వే స్టేషను ముందు నుంచి ఒడ్డు వెంటే లైట్‌హౌస్ దాకా. ఊళ్ళో అన్నిటికన్నా పేరున్న దారి అది. ఎక్కడా ఎత్తు లేదు, పల్లం లేదు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క చేపల ఐసు గోదాములు, పడవలు బాగుచేసే షెడ్లు, ఒక స్కూలు పొడవాటి గోడ. పోయేటప్పుడు ఆయన ముందు, తర్వాత కూతురు, ఆఖర్న ఆవిడ. తొక్కినట్టే ఉండదు, లైట్‌హౌస్ వచ్చేస్తుంది. అక్కడ బన్నులు తిని, నిమ్మరసం తాగి, వెనక్కి తిరిగితే మొదలయ్యేది ఆవిడ కథ.

తిరుగు దారికి ఆయనొక నియమం పెట్టాడు. "వచ్చేటప్పుడు అందరికన్నా నెమ్మదిగా తొక్కేవాళ్ళని ముందుంచండి. వాళ్ళ వేగమే కుటుంబం వేగం." శాఖ వేయబోతున్న చిన్న పుస్తకంలో ఈ వాక్యాన్ని లావు అక్షరాల్లో పెట్టించాడు. వింటే కళ్ళు చెమర్చే వాక్యమే. వినడానికి బాగున్న వాక్యాలని తొక్కి చూడాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

ఆ నియమం ప్రకారం ఆవిడ ముందుండేది. ఆవిడ వెనక కొడుకు, వాడి వీపుకి ఆనుకునే వెడల్పాటి సీటు, దాని మీద ఎండ తగలకుండా గుడ్డ గొడుగు. ముందు బుట్టలో నీళ్ళు, మిగిలిన బన్నులు, వాడికి మార్చే బట్టలు, దెబ్బల మందుల డబ్బా. ఆవిడ వెనకే, చక్రానికి చక్రం తగిలేంత దగ్గర్లో, గేర్ల సైకిలు మీద ఆయన. ఆయన వెనక కూతురు.

"భయపడకు, నీ వెనకాల నేనున్నా" అనేవాడు.

ఐసు గోదాములు దాటేసరికి ఆవిడ కాళ్ళు సీసం పోసినట్టయ్యేవి. ఎవరో ఛాతీ మీద అరచెయ్యి పెట్టి వెనక్కి తోస్తున్నట్టుండేది. పళ్ళ బిగువున తొక్కేది, మాట పెగిలేది కాదు. వెనక నుంచి మాత్రం ఆయన కూనిరాగాలు వినపడేవి.

"ఇంత సులువు దారికే ఆయాసమా?" అనేవాడు ఇంటికొచ్చాక, ప్రేమగానే. "పోనీలే, ఒక్కొక్కరి ఒంటి తత్వం." మర్నాడు బలానికి మాత్రలు తెచ్చేవాడు. ఆవిడ అవీ మింగింది.

ఒకప్పుడు ఇదే మనిషి స్నేహితురాల్ని వెనక కూర్చోబెట్టుకుని, రెండు చేతులూ వదిలేసి, కాలేజీకి సైకిలు తొక్కింది. పరీక్ష తప్పినా సైకిలు ఉందిలే అని ధైర్యంగా ఉన్న వయసది. ఆ కాళ్ళు ఎప్పుడు పోయాయో, ఎవరెత్తుకుపోయారో ఆవిడకి అంతుపట్టలేదు. వయసు అనుకుంది. పిల్లలు పుట్టడం అనుకుంది. షాపులో పొద్దంతా నిలబడటం అనుకుంది. అనుకోనిది ఒక్కటే, దారి. శాఖ కరపత్రంలో 'సులువు' అని అచ్చులో ఉంది కదా!

ఆ మాటకొస్తే ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. ఆదివారం మధ్యాహ్నాలు లైట్‌హౌస్ దగ్గర టాక్సీలు ఊరికే బారులు తీరవు. "పిల్లాడికి నిద్రొస్తోంది", "అమ్మాయికి ట్యూషనుంది" అంటూ కుటుంబాలకి కుటుంబాలు సైకిళ్ళని టాక్సీల నెత్తికెత్తి ఇళ్ళకి చేరేవి. ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. నోరు విప్పితే సులువు దారిలో చతికిలపడ్డ కుటుంబంగా మిగిలిపోవాలి. అచ్చైన మాటని కాదనడానికి సైకిలు తొక్కడం కన్నా ఎక్కువ దమ్ము కావాలి.

చివరికి ఆవిడొక నిర్ణయానికొచ్చింది. షాపులో అద్దాలు అరగదీసే అమ్మాయిని పిలిచి, "నా సైకిలు తీసుకుంటావా? ఊరికే ఇస్తా" అంది.

"మీకు అక్కర్లేదా అక్కా?"

"నా కాళ్ళకి ఇక చాలు. పుస్తకం పండగ ఒకటుంది ఈ ఆదివారం, అదవగానే పట్టుకుపో."

ఆ పండగ ఏమిటంటే, పుస్తకం అచ్చుకెళ్ళే ముందు శాఖలోని కుటుంబాలన్నీ ఆ దారిలో కలిసి తొక్కాలని డైరెక్టరుగారి కోరిక. ఫోటోలు కావాలి. అందరికన్నా ముందు సులువుగారి కుటుంబం కనపడాలి.

"నువ్వు రాకపోతే నా పరువేం కావాలి?" అన్నాడాయన. "రాసినవాడి పెళ్ళామే తొక్కలేకపోతే ఇక జనానికేం చెప్తాం?"

"వస్తాలెండి. ఇదే ఆఖరు" అందావిడ. సైకిలు ఇచ్చేస్తున్న సంగతి చెప్పింది. ఆయన ఒక్క క్షణం బాధపడి, "వదిలేయడం కూడా సులువేలే, అలవాటైపోతుంది" అని ఓదార్చాడు.

ఆ వారంలోనే ఆఫీసు వ్యాను డ్రైవరు కళ్ళ పరీక్షకి షాపుకొచ్చాడు. ఆవిడ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఇనప కళ్ళజోడు తగిలించి, అద్దాలు మారుస్తూ మామూలు ప్రశ్న మొదలెట్టింది.

"ఇది బాగుందా... ఇదా?"

"మొదటిదే. మీరు సులువు సారు ఇంటావిడ కదా మేడమ్? సారుతో పనంటే నాకు హాయి. దారి పరీక్షకి బయల్దేరితే సైకిలుతో సహా స్టేషను దగ్గర దింపుతానా, నేను లైట్‌హౌస్‌కెళ్ళి టీ తాగేలోపు ఈల వేసుకుంటూ వచ్చేస్తాడు. సైకిల్ని వ్యాన్లోకి ఎక్కించడం, ఆఫీసుకి వచ్చేయడం!"

ఆవిడ చేతిలో అద్దం ఆగింది. "తిరిగొచ్చేటప్పుడు తొక్కరా?"

"దేనికి మేడమ్? చూసిన రోడ్డే కదా. పోయినంతే వచ్చేది, కాళ్ళు దండగ అంటాడు."

"అన్ని దారులూ అంతేనా?"

"సారు నా వ్యాను ఎక్కని దారే లేదు. ఆ, ఇప్పుడు బాగుంది మేడమ్. ఆఖరి వరస కూడా కనపడుతోంది."

"కనపడాలి మరి" అందావిడ, ఎటో చూస్తూ.

అతను వెళ్ళాక ఆవిడ అద్దాలన్నీ తుడిచి పెట్టెలో పెడుతూ ఆలోచించింది. దారి పరీక్షల్లో తిరిగి తొక్కుతూ రాలేదు సరే, ఆదివారాలు వస్తున్నాడు కదా, అలుపన్నది లేకుండా? ఆ ఉద్యోగం ఆవిడకి నేర్పింది ఒక్కటే ముక్క: రెండు అద్దాలూ ఒకేసారి మార్చకూడదు. ఒకటి మార్చి అడగాలి, తర్వాతే రెండోది. పదేళ్ళుగా దారి అదే, సైకిళ్ళు అవే, వెనక సీట్లో అప్పుడు కూతురు, ఇప్పుడు కొడుకు, బరువు అదే. మార్చి చూడగలిగింది ఒకటుంది, వరస.

సాయంత్రం ఆయన టైర్లకి గాలి కొడుతుంటే దగ్గరికెళ్ళి నిలబడింది.

"ఏవండీ, ఆదివారం తిరుగు దారిలో మీరు ముందుండండి. నేను మీ వెనకాల వస్తా."

"అదేంటోయ్, నియమం ఉంది కదా! నెమ్మదిగా తొక్కేవాళ్ళు కదా ముందు?"

"ఆఖరిసారి కదా. మీ వెనకాల రావాలని ఉంది."

ఆయన కరిగిపోయాడు. పెళ్ళాం వెనకాల వస్తానంటే కరగని మొగుడిని ఏ శాఖా ఇంకా తయారుచేయలేదు.

ఆదివారం శాఖంతా స్టేషను ముందు చేరింది. కొత్త టోపీలు, బెలూన్లు, ఇంకా అట్ట విప్పని పిల్లల సైకిళ్ళు. డైరెక్టరుగారు టోపీ సరిచూసుకుని జెండా ఊపి, తనూ ఎక్కాడు. అందరూ తేలిపోయారు.

"ఏమయ్యా సులువూ, సైకిలు దానంతటదే పోతోందయ్యా!" అని అరిచాడు డైరెక్టరుగారు.

"అన్నీ చూసే రాశాను సార్!"

లైట్‌హౌస్ దగ్గర నిమ్మరసమూ ఉపన్యాసమూ ఇచ్చారు. సైకిలు కుటుంబాన్ని దగ్గర చేస్తుందని, చక్రాలు రెండైనా గమ్యం ఒకటేనని, ఇంకా అలాంటివి చాలా చెప్పి డైరెక్టరుగారు గడియారం చూసుకున్నాడు. అర్జెంటు మీటింగు గుర్తొచ్చింది. కారెక్కాడు. తిరుగు దారి తొక్కనక్కర్లేకపోవడాన్నే పెద్ద ఉద్యోగం అంటారు.

మిగిలినవాళ్ళు సైకిళ్ళు తిప్పారు. ఆయన ముందు, ఆయన వెనకే కొడుకునీ గొడుగునీ బుట్టనీ మోస్తూ ఆవిడ, ఆవిడ వెనక కూతురు.

ఛాతీ మీద చెయ్యి కోసం ఆవిడ ఎదురుచూసింది. రాలేదు. స్కూలు గోడ రాలేదింకా, అప్పుడేనా అనుకుంది. గోడ వచ్చింది, చెయ్యి రాలేదు. నెమ్మదిగా ఒక జానెడు పక్కకి జరిగింది. టక్కున తగిలింది చెయ్యి, అదే అరచెయ్యి, అదే తోపు. మళ్ళీ ఆయన వీపు వెనక్కి వచ్చింది. పోయింది. మళ్ళీ పక్కకి, మళ్ళీ వెనక్కి. ఇది బాగుందా, ఇదా?

గాలి. పొద్దెక్కాక స్టేషను వైపు నుంచి లేచి, ఒడ్డు వెంటే లైట్‌హౌస్ వైపు వీచే గాలి. పోయేటప్పుడు అందరి వీపునీ తట్టి పంపేది, వచ్చేటప్పుడు ఒక్కరి గుండెల మీద కూర్చునేది. ఆ ఒక్కరి వెనక మిగతా కుటుంబం కూనిరాగాలు తీసుకుంటూ వచ్చేది.

ముందు ఆయన చొక్కా తెరచాపలా ఉబ్బింది. తల హ్యాండిలు మీదికి వాలుతోంది.

"ఇవాళేంటో గాలి ఎక్కువగా ఉంది!" అని అరిచాడు.

"ఎప్పుడూ ఉండేదేనండీ!"

"నాన్న బ్రేకు!" అన్నాడు కొడుకు, గొప్ప ఆవిష్కరణ చేసినవాడిలా.

కూతురు పక్కకొచ్చి తల్లి మొహంలోకి వింతగా చూసింది. "అమ్మా, నువ్వు మాట్లాడుతున్నావేంటి? వచ్చేటప్పుడు నువ్వసలు మాట్లాడవుగా."

ఆ మాట ఆవిడకి గాలి కన్నా గట్టిగా తగిలింది. కూతురికి తెలిసిన ఆదివారం అమ్మ మాట్లాడని మనిషి. పదేళ్ళ ఆదివారాలు.

పడవల షెడ్ల దగ్గర ఆయన దిగిపోయాడు. వంగి, గొలుసు కేసి చూడటం మొదలెట్టాడు. గొలుసు కూడా ఆయన కేసి చూసింది. దానికే రోగమూ లేదు.

"గొలుసు ఏదో పట్టేస్తోంది" అన్నాడు, రొప్పుతూ. "కాసేపు నువ్వు ముందు నడువు."

"ఎందుకండీ?"

"ఎందుకేంటి? నెమ్మదిగా తొక్కేవాళ్ళు..." అని ఆగిపోయాడు.

"ఊ, చెప్పండి. నెమ్మదిగా తొక్కేవాళ్ళు?"

"ముందుండాలి" అని కూతురు పూర్తిచేసింది. పుస్తకం అచ్చు కాకముందే దానికి కంఠతా వచ్చు. "అయితే నువ్వే కదా నాన్నా ముందుండాల్సింది?"

ఆయన సముద్రం కేసి చూశాడు. ఇలాంటప్పుడు చూడటానికి సముద్రం చాలా అనువుగా ఉంటుంది. తర్వాత నేలకి చెప్తున్నట్టు, "నీ వెనకాల గాలి తగలదు" అన్నాడు.

"ఆ సంగతి ఎప్పటి నుంచి తెలుసు?"

"ఇప్పుడే తెలిసింది. ఒట్టు, నాకు నిజంగా తెలీదు."

అబద్ధమాడి ఉంటే తేలిగ్గా ఉండేది. నిజమే చెప్పాడు. మోసం చేసేవాడికి కనీసం మనం మోస్తున్నామని తెలుసు. ఈయనకి అదీ తెలీదు. బలానికి మాత్రలు తెచ్చిపెట్టాడు పాపం.

దూరంగా స్టేషను కప్పు కనపడుతోంది. ఆవిడ కాళ్ళలో ఇంకా బోలెడంత సత్తువ మిగిలుంది. గొలుసునీ మనిషినీ అక్కడే వదిలేసి పోవచ్చు. పోతే ఎవరూ తప్పు పట్టలేరు, నియమాలు రాసినవాడు తప్ప. ఆవిడ పెడలు మీద కాలు పెట్టి ఒక్కసారి స్టేషను కేసి, ఒక్కసారి ఆయన చెమట కేసి చూసింది.

"రండి. భయపడకండి, మీ ముందు నేనున్నాగా."

ముందుకి తీసింది. అరచెయ్యి వచ్చి ఛాతీ మీద ఆనింది. ఈసారి అదెవరిదో తెలుసు. వయసుతో పోట్లాడలేం, గాలితో పోట్లాడొచ్చు. తల కాస్త వంచి, మోచేతులు దగ్గరికి లాక్కుని తొక్కింది. కష్టంగానే ఉంది. దానికి ఆ పేరు పెట్టుకున్నాక మాత్రం అది తగ్గకపోయినా, ఆవిడ పెరిగింది.

ఐసు గోదాముల దగ్గర, రోడ్డు పక్కన చతికిలపడి టాక్సీకి ఫోను చేస్తున్న గుమాస్తా కుటుంబం కనపడింది. "మా వెనకాల రండి!" అని కేకేసింది. వాళ్ళొచ్చి చేరారు. ఆ తర్వాత టైపిస్టు, వాళ్ళాయన, బెలూను ఎప్పుడో పోగొట్టుకుని ఏడుస్తున్న వాళ్ళ పిల్లాడు. స్టేషను చేరేసరికి నగర పర్యాటక శాఖ మొత్తం, అధికారులు మినహా, బ్రేకు వెనకాల బారు తీరి ఉంది.

"మీకు చాలా స్టామినా ఉందండీ!" అంది టైపిస్టు, దిగి మోకాళ్ళు పట్టుకుని.

"లేదండీ, అలవాటుంది" అందావిడ.

సోమవారం ఆయన ఆఫీసుకెళ్ళి మూడో ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని ఇంకులో అద్ది, స్టేషను-లైట్‌హౌస్ దారి కాగితం మీద వేసి, ఆ కాగితం తీసుకుని డైరెక్టరుగారి గదిలోకి నడిచాడు. ఆయన జీవితంలో అదొక్కటే సాహసం కాబట్టి రాసిపెట్టుకోవాల్సిన విషయమే.

"కష్టమా?" అన్నాడు డైరెక్టరుగారు. "అదేంటయ్యా, కార్లో వచ్చేటప్పుడు నాకేం కష్టం అనిపించలేదే!"

"సార్, సైకిలు మీద..."

"ఫోటోల్లో అందరూ నవ్వుతున్నారు చూడు. ఇది పోయేటప్పుడు, ఇది పోయేటప్పుడు, ఇదీ పోయేటప్పుడే. వచ్చేటప్పటి ఫోటో ఒక్కటైనా ఉందా? లేదు. మరి?"

ఆధారం లేని కష్టం ఆఫీసులో చెల్లదు. పుస్తకం 'సులువు' అనే అచ్చయింది. ఆ లావక్షరాల నియమం కూడా అలాగే ఉంది. దాన్ని చదివి కళ్ళు చెమర్చినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, టాక్సీవాళ్ళు వాళ్ళలో ముందుంటారు.

షాపులో అద్దాలు అరగదీసే అమ్మాయి అడిగింది, "అక్కా, సైకిలు ఎప్పుడు పట్టుకుపోను?"

"ఇవ్వనే. ఏమనుకోకు, మాట తప్పుతున్నా. నువ్వొకటి సంపాదించుకుని ఆదివారం మాతో రా."

"లైట్‌హౌస్ దారా? అబ్బో, మొన్న మా అన్నయ్య సగంలో ఆటో ఎక్కేశాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"నా వెనకాల రా. మధ్యలో కాసేపు నువ్వు ముందుందువుగాని."

శనివారం సాయంత్రం ఆయన వరండాలో రెండు సైకిళ్ళనీ తలకిందులుగా నిలబెట్టి కూర్చున్నాడు. ఎవరూ చెప్పకుండానే ఆవిడ సైకిలు నుంచి పిల్లాడి సీటు విప్పి తన గేర్ల సైకిలుకి బిగిద్దామని పూనుకున్నాడు. విప్పడం అయింది. బిగించడం కుదరడం లేదు. ఆ సైకిలుని తయారుచేసినవాళ్ళు దాని మీద పిల్లలెక్కుతారని కలలో కూడా అనుకున్నట్టు లేదు. ఒక నట్టు జారి ఎక్కడో పడింది. కొడుకు దాన్ని వెతికే నెపంతో మిగతావి కూడా చెల్లాచెదురు చేశాడు.

ఆవిడ తన సైకిల్ని తిన్నగా నిలబెట్టి, ఒకసారి ఎత్తి చూసింది. దూదిలా ఉంది.

"ఇప్పుడే వస్తా" అని ఎక్కింది.

"ఎక్కడికీ?"

"ఊరికే. గాలి ఎటుందో చూసొస్తా."

గేటు దాటి వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది. ఆయన నుదుటి మీద గ్రీజు, నోట్లో రెండు నట్లు.

"ఏవండీ, సులువేనా?"

"సులువే" అన్నాడాయన, అలవాటు చొప్పున. నట్లు నోట్లోంచి తీసి అరచేతిలో పెట్టుకుని వాటి కేసి కాసేపు చూశాడు.

"కాదు" అన్నాడు. "చచ్చేంత కష్టం."

ఆవిడకి అది వినపడిందో లేదో చెప్పలేం. అప్పటికి వీధి చివర మలుపులో ఉంది, రెండు చేతులూ వదిలేసి.